కార్టిసాలును మోయు ప్రొటీనును గూర్చి: రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖామాత్యులవారికి, హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజా ప్రాంతమున నివసించుచు, వైద్య విద్యార్థులకు జీవరసాయన శాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్న ఒక ఉపాధ్యాయుడు నమస్కరించి విన్నవించుకొనునది.

శాలిబండ నుండి యాకుత్‌పురా దాకను, చార్మినారు నుండి చాంద్రాయణగుట్ట దాకను గల మా వీధులలో నేడు రక్తపరీక్షా కేంద్రము లేని మలుపు అరుదు. ఒకప్పుడు ఉస్మానియా ఆసుపత్రిలోనో, పంజాగుట్టలోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలోనో తప్ప దొరకని హార్మోను పరీక్షలు, ఇప్పుడు ఇంటికి వచ్చి రక్తము తీసికొనిపోవు కుర్రవాని సంచిలో ఇమిడిపోయినవి. పేదవాడు తన నెత్తురును పరీక్షింపించుకొనుటకు ఊరు దాటి పోవలసిన దురవస్థ తొలగుట నాకెంతయు సంతోషదాయకము. అయినను ఆ పరీక్షలలో ఒకటియైన కార్టిసాల్ పరీక్ష, దానిని కోరిన విధమును బట్టియు, చదివిన విధమును బట్టియు, మా జనులలో కొందరికి మేలుకు బదులు భ్రమను కలిగించుచున్నదని చూచి, ఆ సంగతి ఎరిగియుండియు మీకు తెలుపక యూరకుండుట నా వృత్తిధర్మము కాదని తలచి, ఈ లేఖ వ్రాయ సాహసించితిని.

కార్టిసాల్ మూత్రపిండములపై నమరియున్న ఎడ్రినల్ గ్రంథుల వెలిపొరలో కొలెస్టరాల్ నుండి తయారగును. మెదడు అడుగున నుండు పీయూష గ్రంథి పంపు ఏసీటీహెచ్ అను మరియొక హార్మోను దానికి ఆజ్ఞ. రక్తములో చక్కెరను నిలుపుట, రక్తపోటును కాపాడుట, వాపును అణచుట, జ్వరమునకును గాయమునకును శరీరము తట్టుకొనునట్లు చేయుట దాని విధులు. అది కొరవడినవాడు చిన్న జబ్బునకే సొమ్మసిల్లి ప్రాణాపాయమున పడును. అది మితిమీరినవాని ముఖము గుండ్రనై, పొట్ట పెరిగి, కాలుసేతులు సన్నగిల్లి, చర్మముపై ఊదారంగు చారలు తేలి, ఎముకలు గుల్లబారును. ఈ రెండు స్థితులకును చికిత్స కలదు. కాని ఒకదానిని మరియొకటిగా భావించినను, లేనిదానిని ఉన్నదనుకొనినను, చికిత్సయే వ్యాధియై కూర్చుండును.

ఇంతటి పదార్థము రక్తములో ఒంటరిగా సంచరింపదు. దానిలో నూటికి ఎనుబది నుండి తొంబది పాళ్లు కాలేయమున పుట్టు ఒక ప్రత్యేక ప్రొటీనును అంటిపెట్టుకొని యుండును. మరికొంత ఆల్బ్యుమిన్‌తో వదులుగా కలిసియుండును. నూటికి సుమారు ఐదు పాళ్లు మాత్రమే ఏ బంధనమును లేక విడిగా తిరుగును. కణములలో ప్రవేశించి పనిచేయగలది ఈ విడి భాగమే. ఆ ప్రత్యేక ప్రొటీనునకు 1959లో స్లాన్‌వైట్, శాండ్‌బర్గ్ అను అమెరికా పరిశోధకులు ట్రాన్స్‌కార్టిన్ అని పేరు పెట్టిరి. అంతకు ముందు కొన్ని యేండ్ల నుండియే దాని ఉనికి శాస్త్రజ్ఞులకు తెలియవచ్చుచుండెను. దీనికొక పోలిక చెప్పెదను: అఫ్జల్‌గంజ్ నుండి చార్మినారునకు వచ్చు బస్సులో కూర్చున్నవాడు లాడ్‌బజారులో గాజులు కొనలేడు, దిగినవాడే కొనగలడు. దారిలో బస్సులు హెచ్చినపుడు వాటిలో కూర్చున్నవారును హెచ్చుదురు. కాని అంగళ్ల ముందు నిలిచినవారి సంఖ్య మాత్రము మునుపటియంతయే యుండవచ్చును. మన కేంద్రములలో సాధారణముగా జరుగు కార్టిసాల్ పరీక్ష బస్సులోనివారిని, దిగినవారిని వేరుచేయక, అందరిని కలిపి లెక్కించును. దానిని మొత్తము కార్టిసాల్ అందురు. ఉదయము ఎనిమిది గంటల వేళ తీసిన రక్తములో డెసిలీటరునకు ఇంచుమించు 5 నుండి 25 మైక్రోగ్రాముల వరకు సామాన్యమని కాగితముపై అచ్చువేసి, అంతకు మించినచో ఒక గుర్తు, తగ్గినచో మరియొక గుర్తు పెట్టుదురు. మోయు ప్రొటీను ఎంతయున్నదో ఆ కాగితము చెప్పదు.

ట్రాన్స్‌కార్టిన్ అందరిలోను, అన్ని వేళలను ఒకే మాత్రముగా ఉన్నచో ఈ లేఖకు అవసరమే లేకపోయెడిది. కాని ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను కాలేయమును ప్రేరేపించి ఆ ప్రొటీనును విస్తారముగా పుట్టించును. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి వరండాలలో నెలలు నిండి కూర్చుండు మా ఆడుబిడ్డలందరిలోను అది సాధారణ స్థితికంటె రెండు మూడు రెట్లు పెరిగియుండును. గర్భిణులలో విడి కార్టిసాల్ సహితము కొంత పెరుగును గాని, కాగితముపై కనబడు పెరుగుదలలో అధికాంశము ఈ ప్రొటీను పుణ్యమే. గర్భము కంటికి కనబడును గనుక వైద్యులు జాగ్రత్తపడుదురు. కంటికి కనబడనిది గర్భనిరోధక మాత్ర. ప్రభుత్వమువారు కుటుంబ సంక్షేమమునకై ఉచితముగా పంచు మాలా-ఎన్ మాత్రలో 30 మైక్రోగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయోల్ కలదు; పీసీఓడీ అని మా వీధులలో ఇప్పుడు ప్రతి యింట వినవచ్చు వ్యాధికి వ్రాయు మాత్రలలో పెక్కింటియందును అదియే కలదు. అనగా ఒక శాఖ చేతితో ఇచ్చిన మాత్ర, అదే శాఖ చేతిలోని పరీక్ష ఫలితమును తారుమారు చేయగలదన్నమాట. ఇందులో మాత్ర తప్పేమియు లేదు. అది మంచి మందు. మాత్ర వేసికొనుచున్నావా అమ్మా అని అడుగకుండ రక్తము తీయుటయే తప్పు.

మా వీధిలో ఇద్దరు బిడ్డల తల్లియైన ఒక యువతికి జరిగినది చెప్పెదను. ఒళ్లు వచ్చుచున్నదని, అలసటగా నున్నదని, తగ్గింపు ధరకు లభించిన ఒక పరీక్షల ప్యాకేజీ చేయించుకొనెను. కార్టిసాల్ హెచ్చుగా వచ్చెను. ఎవరో దానిని చూచి రాత్రి కార్టిసాల్ స్రావమును అణచు డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి మరునాటి ఉదయము మరల రక్తము తీయించిరి. అప్పుడును అది అణగలేదు. పీయూష గ్రంథిలో గడ్డ యుండవచ్చునన్న మాట ఆ యింటిలో పడెను. స్కానింగు కొరకు మెడలోని నల్లపూసల గొలుసు కుదువకు పోయెను. చివరకు ఒక హార్మోను వైద్యుడు ఆమెను ఏ మాత్రలు వాడుచున్నావని అడిగి, కాన్పు తరువాత రెండేండ్ల నుండి గర్భనిరోధక మాత్రలు వాడుచున్నదని తెలిసికొని, వాటిని మాన్పించి, వేరొక సాధనము చూపి, ఆరు వారముల తరువాత పరీక్ష చేయించెను. అంతయు సక్రమముగా ఉండెను. ఇది వింత కాదు, విధివైపరీత్యమును కాదు; అంతర్జాతీయ హార్మోను వైద్యుల సంఘము 2008లో వెలువరించిన మార్గదర్శకములలో, ఈ మాత్రలు వాడు స్త్రీలలో సగము మందికి డెక్సామెథసోన్ పరీక్ష తప్పుగా వ్యాధిని చూపునని, ఈస్ట్రోజెన్‌ను ఆరు వారములు మాన్పించి పరీక్షింపవలెనని, స్పష్టముగా వ్రాయబడియున్నది. పుస్తకములో నున్న ఆ వాక్యము మా వీధిలోని రక్తపరీక్షా కేంద్రము మెట్లు ఎక్కకపోవుటయే నా దుఃఖము.

దీనికి విపర్యయమైన ప్రమాదము మరింత భయంకరము. కాలేయము చెడినవానికి ట్రాన్స్‌కార్టిన్ తక్కువగా పుట్టును. మూత్రములో ప్రొటీను పోవు మూత్రపిండ వ్యాధిలో అది బయటికి పోవును. రక్తమంతట విషక్రిమి వ్యాపించి అత్యవసర విభాగములో పడియున్న రోగిలో అది ఇట్టే క్షీణించును. పైగా ఈ ప్రొటీను చేయు పని కేవలము మోత కాదు. దేహములో వాపు పుట్టినచోటికి చేరిన తెల్లకణములు ఇలాస్టేజ్ అను ఎంజైమును విడుచును; అది ట్రాన్స్‌కార్టిన్ యొక్క ఒక తీగను తెంపగా, ఆ ప్రొటీను పట్టు సడలి, కార్టిసాల్ సరిగా అవసరమైన తావుననే విడివడును. జ్వరపు వేడికి సహితము దాని పట్టు సడలును. 1980వ దశకము చివర నుండి క్రమముగా విశదమైన ఈ యేర్పాటును తలచునపుడెల్ల ప్రకృతి యొక్క పొదుపరితనమునకు నేను చేతులు జోడింతును. ఇట్లు ట్రాన్స్‌కార్టిన్ తరిగిన రోగిలో మొత్తము కార్టిసాల్ తక్కువగా కనబడును. విడి కార్టిసాల్ మాత్రము సమృద్ధిగా ఉండవచ్చును. 2004లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించిన పరిశీలనలో, ఆల్బ్యుమిన్ డెసిలీటరునకు 2.5 గ్రాములకు మించని విషమ రోగులలో నూటికి నలువది మందికి దగ్గరగా మొత్తము కార్టిసాల్ లోపించినట్లు కనబడినను, వారి ఎడ్రినల్ గ్రంథులు చక్కగానే పనిచేయుచుండెను. కాలేయము పూర్తిగా చెడిన పేదలకు ఉచితముగా కాలేయ మార్పిడి చేయుచున్న ఉస్మానియా ఆసుపత్రి వైద్యులకు ఈ చిక్కు నేను చెప్పనక్కరలేదు. కాని వారి చేతికి సాధనము నిచ్చుట మీ వంతు.

ఈ విషయము హైదరాబాదునకు కొత్త కాదు. 1958లో కూనూరు నుండి మన నగరమునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని పిలువబడుచున్న పరిశోధనాలయములో, జయరావు, శ్రీకంటియ్య, గోపాలన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు తిండి చాలక క్షీణించిన పసిపిల్లల రక్తములో కార్టిసాలును కొలిచి, 1968లో ఇంగ్లండు వైద్యపత్రికయందు ప్రకటించిరి. ఎముకల గూడువలె ఎండిపోవు మరాస్మస్ రోగములో ఒక తీరున, ఒళ్లు నీరుపట్టు క్వాషియార్కర్ రోగములో మరియొక తీరున దేహము ఆకలిని ఎదుర్కొనుటకును ఈ హార్మోనునకును సంబంధము కలదని తలపోసిన మహానుభావులు వారు. తిండి తక్కువైన బిడ్డలో ఆల్బ్యుమిన్ మొదలగు రక్తప్రొటీనులు తరుగును. అట్టి బిడ్డ రక్తములో మొత్తమును మాత్రము చూచి తృప్తిపడరాదని చెప్పుటకు వేరు సాక్ష్యమక్కరలేదు. అర్ధశతాబ్దమునకు పైబడి ముందే ఇచ్చట ఈ దృష్టి మొలకెత్తినది.

ఇంకొక్క విషయము, ఇది కేవలము మా పాతబస్తీకి చెందినది గాన వివరింతును. కార్టిసాల్ తెల్లవారుజామున పెరుగుచు, నిద్ర మేల్కొను వేళకు శిఖరమునందుకొని, అర్ధరాత్రికి అడుగంటును. అందుచేతనే ఉదయము ఎనిమిది గంటల రక్తమును కోరుదురు. రంజాను మాసములో మా బస్తీకి ఉదయము ఎనిమిది గంటలనగా ఏమిటి? ఇఫ్తారు ముగిసి, తరావీహ్ నమాజు ముగిసి, మదీనా, పత్తర్‌గట్టి అంగళ్లు కిటకిటలాడి, సహరీ భోజనము చేసి, ఫజ్ర్ నమాజు అనంతరము కన్ను మూసినవానికి ఎనిమిది గంటలు నడిరాత్రితో సమానము. జెడ్డా నగర పరిశోధకులు 2013లో ప్రకటించిన అధ్యయనములో, ఉపవాస మాసమున ఆరోగ్యవంతులలోనే ఉదయమునకును సాయంకాలమునకును గల కార్టిసాల్ భేదము చెరిగిపోయి, సాయంకాలపు మట్టము పెరిగినట్లు తేలినది. అట్లే రాత్రియంతయు ఆటో నడుపువారును, రాత్రి కాపలా కాయువారును. వారి రక్తము తీయునపుడు నిన్న ఎప్పుడు నిద్రించితివి అని అడుగుట గడియారము చూచుటకంటె ముఖ్యము. ఉపవాసము గొప్ప సాధన; దానిని వ్యాధిగా చదువుట అజ్ఞానము.

ఇక పొట్లపు మందుల సంగతి. కీళ్లనొప్పులకు, ఆయాసమునకు, ఒళ్లు రావలెనను కోరికకు, యోగ్యతాపత్రము లేనివారు కాగితములో మడిచి యిచ్చు రంగురంగుల మాత్రలలో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు ఉండుట బహిరంగ రహస్యము. మూడు నాళ్లలో నొప్పి మాయమగును. మూడు నెలలలో ముఖము ఉబ్బును. లోపల ఎడ్రినల్ గ్రంథులు పనిమాని ముడుచుకొనిపోవును. ఇచ్చట పరీక్ష మరియొక తీరున మోసగించును. ప్రెడ్నిసోలోన్‌ను చాల పరీక్షా పద్ధతులు కార్టిసాలుగానే భ్రమపడి లెక్కలో చేర్చుకొనును. అదియును ట్రాన్స్‌కార్టిన్‌పైననే ఎక్కి కూర్చుండును. డెక్సామెథసోన్ మాత్రము ట్రాన్స్‌కార్టిన్‌ను అంటదు, సాధారణ కార్టిసాల్ పరీక్షకు చిక్కదు. కాని సహజమైన స్రావమును నోరు మూయించును. రోగి పొట్లమును దాచును, పరీక్షకుడు అడుగడు. కాగితముపై సంఖ్య ఏ కథనైనను చెప్పవచ్చును. పాఠకులలో ఇట్టి పొట్లములు వాడుచున్నవారుండినచో ఒక మాట: భయపడి ఒక్కసారిగా మానవలదు, అది ప్రాణాపాయము, పొట్లమును వెంట తీసికొని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యునికి చూపుడు. ఆయన క్రమముగా తగ్గించును.

అమాత్యవర్యా, పరిహారము కలదు. ట్రాన్స్‌కార్టిన్‌ను నేరుగా కొలుచు రేడియో ఇమ్యునో అసే, ఎలైసా పద్ధతులు చిరకాలముగా నున్నవి. మొత్తము కార్టిసాలును, ఈ ప్రొటీనును రెండింటిని కొలిచినచో, 1987లో కూలెన్స్ మొదలగువారు కూర్చిన సమీకరణముతో విడి భాగమును గణించవచ్చును. లాలాజలములోనికి విడి కార్టిసాలే చేరును గనుక అర్ధరాత్రి లాలాజల పరీక్షయు, ఇరువదినాలుగు గంటల మూత్ర పరీక్షయు ఉపకరించును. నేనీ ప్రొటీను పరీక్ష అందరికిని చేయుమనుట లేదు; అట్లు చేసినచో మరియొక వృథావ్యయమునకు ద్వారము తెరచినట్లగును, మరియొక ప్యాకేజీ పుట్టును. సంఖ్యకును రోగి స్థితికిని పొసగనపుడు, విషమ రోగిలో, కాలేయ రోగిలో, మాత్ర మాన్పుటకు వీలులేని స్త్రీలో, ఇంకను అరుదుగా ఒక వంశములో పలువురికి మొత్తము కార్టిసాల్ తక్కువగా వచ్చుచున్నపుడు, అది కావలెను. సెర్పిన్-ఎ6 అను జన్యువులో లోపముచే ఈ ప్రొటీనే కొరవడిన కుటుంబములు లోకములో గుర్తింపబడినవి. మేనరికములు హిందువులలోను, ముస్లిములలోను అలవాటైన మన గడ్డపై అట్టి అంతర్గత లోపములు బయటపడుటకు అవకాశము మెండు. అట్టివానికి ఎడ్రినల్ గ్రంథి చచ్చినదని నిర్ణయించి జీవితాంతము స్టెరాయిడ్ మ్రింగించుట ఎంతటి అన్యాయము!

కావున నేను కోరునది యిది. 2018లో నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థ (ఐపీఎం)లో ఆరంభమై పేదలకు ఉచితముగా పరీక్షలు చేయుచున్న తెలంగాణ డయాగ్నోస్టిక్స్ వ్యవస్థ నమూనా పత్రముమీదను, ప్రైవేటు పరీక్షా కేంద్రముల పత్రముమీదను, కార్టిసాల్ అని వ్రాసినచో తప్పక పూరింపవలసిన కొన్ని గళ్లుండవలెను: గర్భమా, ఈస్ట్రోజెన్ మాత్రలా, నిన్న ఎన్ని గంటలకు నిద్ర, ఏ స్టెరాయిడు మాత్రగానో ఇంజెక్షనుగానో పీల్చు మందుగానో చర్మపు పూతగానో వాడితిరి, కాలేయ మూత్రపిండ వ్యాధులు కలవా. ఆ పత్రము తెలుగులోను, ఉర్దూలోను ఉండవలెను. పరాయి లిపిలో అడిగిన ప్రశ్నకు మా అమ్మలు ఏమని జవాబు చెప్పుదురు? బస్తీ దవాఖానాలలో మాలా-ఎన్ పంచు ఏఎన్ఎమ్‌లకును, రక్తము తీయువారికిని ఈ నాలుగు మాటలు ఒక పూట శిక్షణలో నేర్పవచ్చును. ఇక ఉస్మానియా, గాంధీ, నిజామ్స్ సంస్థలలో ఏదేని ఒక్కచోట ట్రాన్స్‌కార్టిన్ కొలుచు పరీక్షను స్థిరముగా నెలకొల్పి, రాష్ట్రమంతటి నుండి వైద్యులు తమ చిక్కు కేసుల రక్తమును అచ్చటికి పంపు ఏర్పాటు గావింపవలెను. ఒక్క యంత్రము, ఇద్దరు శిక్షితులు, ఒక శీతల పేటిక చాలును.

ఈ నగరమున ప్రభుత్వము ఒక వైద్య ప్రశ్నకు సమాధానము వెదకుటకై ధనము వెచ్చించిన ఉదాహరణ కలదు. మత్తుమందైన క్లోరోఫారమ్ వలన రోగులు ఏల మరణించుచున్నారో తేల్చుటకు, వైద్యుడైన ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలమున, ఆరవ నిజాము కాలములో 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు ఇచ్చట కూర్చున్నవి. రెండవదానికై నిజాము ధనముతో లండను లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాదునకు వచ్చెను. వారి నిర్ణయము, అనగా హృదయము నేరుగా దెబ్బతినదు, శ్వాసయే మొదట ఆగునన్నది, తరువాతి పరిశోధనలకు నిలువలేదు. అయినను ఒక రాజ్యము తన ప్రజల ప్రాణమును గూర్చిన సందేహమును సందేహముగా వదలక పరీక్షకు పెట్టినదను కీర్తి మాత్రము నిలిచినది. నేను కోరునది అంతటి వ్యయము కాదు.

మొదట ప్రశ్నాపత్రముతో ఆరంభింపుడు. దానికి ఒక ఉత్తరువు చాలును. రానున్న రంజానులోపల అది వెలువడినచో మా బస్తీ జనులు మీకు ఋణపడియుందురు. ప్రయోగశాల రెండవ యేట రావచ్చును. వైద్య మిత్రులను, హార్మోను నిపుణులను కూడ ఈ అభ్యర్థనలో నాతో చేయి కలుపుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
విధేయుడు,
లాల్‌దర్వాజా వాస్తవ్యుడు